గీజరు వేసుకున్నారని డాలస్‌లో తెలిస్తే చాలదా?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు ఆరు పేజీల ఉత్తరం రాశారు. వయసు 68. భర్త పోయి నాలుగేళ్లయింది. సొంత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. ఒక్కడే కొడుకు, డాలస్‌లో ఉద్యోగం. నిరుడు కార్తీక మాసంలో తెల్లవారుజామున బాత్రూంలో జారి పడ్డారు. పాలబ్బాయి వచ్చి తలుపు కొట్టేదాకా గంటకు పైగా తడినేల మీదే ఉండిపోయారు. ఎముకలేవీ విరగలేదు గానీ మణికట్టు బెణికి రెండు నెలలు బాధపెట్టింది.

సంక్రాంతికి వచ్చిన కొడుకు సెలవులో సగం రోజులు ఇంటికి వైర్లు లాగించడంలోనే గడిపాడు. గేటు దగ్గర, పెరట్లో, హాల్లో, వంటింట్లో మొత్తం నాలుగు కెమెరాలు. వీధి తలుపుకి సెన్సర్. గీజరుకి స్మార్ట్ ప్లగ్గు. టీవీ పక్కన మాట్లాడే స్పీకర్. అన్నీ అతని ఫోన్లో కనిపిస్తాయి. ఓ రోజు టీచర్ గారు కాస్త ఆలస్యంగా లేస్తే వెంటనే ఫోన్: "అమ్మా, ఆరైనా వంటింట్లోకి రాలేదేం? ఒంట్లో బాగుందా?" మధ్యాహ్నాలు హాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకునే ఇరుగుపొరుగు ఆడవాళ్లు రావడం తగ్గించేశారు. పదహారేళ్లుగా ఇంట్లో పనిచేస్తున్నావిడ వంటింటి కెమెరా చూసి "నా మీద నమ్మకం పోయిందా టీచరమ్మా?" అని అడిగింది. ఆ నెలాఖరుకి మానేసింది.

ఓ మధ్యాహ్నం టీచర్ గారు విసుగొచ్చి హాల్లో కెమెరా మీద తువ్వాలు కప్పారు. పది నిమిషాల్లో ఎదురింటాయన రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చారు, డాలస్ నుంచి ఫోన్ వచ్చిందని. ఆ రాత్రి తల్లీకొడుకుల మధ్య మాటా మాటా పెరిగింది. "నీ కోసమే కదమ్మా ఇదంతా" అని అతను, "నా కోసమైతే నన్నడిగి పెట్టాలి కదరా" అని ఈవిడ. మూడు వారాలుగా ఫోన్లు "తిన్నావా, మందులేసుకున్నావా" దగ్గరే ఆగిపోతున్నాయి.

ఆవిడ మాటల్లోనే: "ఇవన్నీ ఎలా పనిచేస్తాయని అడిగితే, నీకెందుకమ్మా, దానంతటదే పనిచేస్తుంది అంటాడు. ముప్పై రెండేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను. చెబితే నాకు అర్థం కాదా? ఆ స్పీకరు నా మాటలన్నీ వింటోందా? తీసేయమంటే వాడు కుమిలిపోతాడు. ఉంచుకుంటే నా ఇంట్లో నేనే పరాయిదాన్ని. ఏం చెయ్యమంటారు? ఇంకో సంగతి, ఆ గీజరు ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా ఉంటోంది. అది మామూలేనా?"

టీచర్ గారూ,

మీరు ఆఖర్న రాసిన మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది రేపటిదాకా ఆగే సంగతి కాదు. ప్లగ్గు కాస్త గోరువెచ్చబడితే ఫరవాలేదు. చెయ్యి ఉంచలేనంత వేడెక్కినా, పిన్నుల చుట్టూ నల్లబడినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా ఇవాళే తీసేయండి. ముందు గోడ స్విచ్ ఆపి, చల్లారాక లాగండి. లెక్క మీకు చిటికెలో పని: మామూలు స్టోరేజి గీజరు 2000 వాట్లు, మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. స్మార్ట్ ప్లగ్గులు బజార్లో 6, 10, 16 ఆంపియర్లవి దొరుకుతాయి. ఆరుది పెట్టి ఉంటే అది ప్రమాదమే. పదిది కాగితం మీద సరిపోతుంది గానీ, సాకెట్ కాస్త వదులైతే చాలు, వేడెక్కుతుంది. గీజరుకి 16దే ఉండాలి. ప్లగ్గు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, భూతద్దం పెట్టి చదవండి. 16దే ఉండి కూడా వేడెక్కుతుంటే తప్పు సాకెట్‌లో ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఎలా పనిచేస్తాయో తెలిస్తే, ఏది ఉంచాలో ఏది తీయాలో మీరే చెప్పగలరు. "నీకెందుకమ్మా" అన్న మాట మిమ్మల్ని ఎంత నొప్పించిందో ఆరు పేజీల్లోనూ కనబడింది. మీరు అడగవలసిన ప్రశ్నే అడిగారు.

గీజరు ప్లగ్గు ఆన్ అయినప్పుడు లోపల "టిక్" మని చిన్న చప్పుడు వస్తుంది కదా, ఆ చప్పుడు చేసేదాన్ని రిలే అంటారు. ఓ బుల్లి అయస్కాంతం స్విచ్‌ని లాగే చప్పుడు అది. మనం వేలితో చేసే పనినే అది చేస్తోంది. ఆ అయస్కాంతానికి "ఇప్పుడు లాగు" అని చెప్పేది లోపలున్న ఓ చిప్. గోరంత ఉంటుంది. లెక్కలు చేసేదీ అదే, వైఫైతో మాట్లాడేదీ అదే. షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ అనే కంపెనీ 2014లో ఈఎస్‌పీ 8266 అనే చిప్‌ని చాలా చవగ్గా తెచ్చింది. అలాంటివి వచ్చాకే బల్బుకీ, ఫ్యానుకీ, ప్లగ్గుకీ ఇంటర్నెట్ పెట్టడం చౌక వ్యవహారమైంది. వీటన్నిటినీ కలిపి ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్, పొట్టిగా ఐఓటీ అంటున్నారు. మనుషులు మాట్లాడుకునే ఇంటర్నెట్‌లో వస్తువులు కూడా చేరాయని అర్థం.

మీ అబ్బాయి డాలస్‌లో ఫోన్ మీద వేలు పెడితే ఆ కబురు తిన్నగా మీ బాత్రూంలోకి రాదు. ముందు ఆ ప్లగ్గు తయారుచేసిన కంపెనీ సర్వర్‌కి, అంటే ఎక్కడో ఉన్న వాళ్ల కంప్యూటర్‌కి వెళుతుంది. ట్రంకాల్ రోజులు గుర్తు తెచ్చుకోండి. మధ్యలో ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరమ్మ ఉండేది. మీ ప్లగ్గు రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని, కరెంటూ నెట్టూ ఉన్నంతసేపూ ఆ ఆపరేటరమ్మతో లైన్లోనే ఉంటుంది. డాలస్ నుంచి "వెయ్యి" అన్న మాట ఆవిడకి చేరుతుంది, ఆవిడ ఇటు చెబుతుంది, ఇక్కడ టిక్ మంటుంది. కెమెరాలూ, తలుపు సెన్సరూ, స్పీకరూ చాలావరకు ఇదే దారి. ఆ రోజుల్లో ఆపరేటరమ్మ తలుచుకుంటే మన మాటలు వినగలిగేది, గుర్తుందా? ఇక్కడా అంతే, ఆ మధ్య మనిషి ఎవరన్నది ముఖ్యం.

కాబట్టి ఏ వస్తువు ముందు నిలబడ్డా మూడు సంగతులు అడగండి: ఇది నా గురించి ఏం తెలుసుకుంటోంది, ఎవరికి చెబుతోంది, ఎవరి మాట వింటోంది.

తలుపు సెన్సర్ దగ్గరికి వెళ్లి చూడండి. రెండు ముక్కలుంటాయి, ఒకటి తలుపుకి, ఒకటి గుమ్మానికి. చిన్న ముక్కలో ఉన్నది ఉత్త అయస్కాంతం. తలుపు వేసి ఉంటే అది దగ్గరగా ఉంటుంది, తీస్తే దూరం జరుగుతుంది. పెద్ద ముక్క ఆ తేడా కనిపెడుతుంది. దానికి తెలిసినవి రెండే మాటలు, "తీశారు", "వేశారు". ఎవరు తీశారో, ఏ చీర కట్టుకున్నారో, ఎవరితో ఏం మాట్లాడారో దానికి తెలిసే దారే లేదు. గీజరు ప్లగ్గుకి తెలిసిందీ అంతే: ఎప్పుడు వేశారు, ఎంతసేపు నడిచింది, కొన్ని రకాలకైతే ఎంత కరెంటు తీసుకుంది. హాల్లో కెమెరాకి మాత్రం అన్నీ తెలుసు. మీరు ఏడ్చినా దానికి తెలుసు.

స్పీకరు ఏ కంపెనీదో మీరు రాయలేదు. అలెక్సా లాంటివైతే తమ పేరు కోసం ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటాయి. ఆ కనిపెట్టుకుని ఉండడం వరకు లోపలే జరుగుతుంది, బయటికి పోదు. పేరు వినపడగానే దీపం వెలుగుతుంది, ఆ తర్వాతి మాటలు సర్వర్‌కి వెళతాయి. సీరియల్లో ఎవరో అలాంటి మాట అన్నా పొరపాటున మేలుకుంటుంది, అప్పుడు మీ ఇంటి మాటలూ కొన్ని పోతాయి. పైన మైకు ఆపే బటన్ ఉంటుంది. నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది, ఆ దీపం ఉన్నంతసేపూ అది వినదు. పక్కింటివాళ్లు వచ్చినప్పుడు నొక్కండి, వాళ్లు చూస్తుండగానే నొక్కండి. పాత రికార్డింగులు యాప్‌లో విని చెరిపేసుకోవచ్చు కూడా. ఎలాగో మీ అబ్బాయినే చూపించమనండి.

ఇంట్లోపలి కెమెరా గురించి మీకున్న ఇబ్బందిని పెద్దవాళ్ల చాదస్తం అని ఎవరూ కొట్టిపారేయకూడదు. 2023 మేలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్ వాళ్ల రింగ్ కెమెరాల కంపెనీ మీద ఇదే అభియోగం మోపింది. ఇళ్లలోపలి వీడియోలను కంపెనీ ఉద్యోగులు చూడగలిగేలా వదిలేశారని, ఒక ఉద్యోగి ఆడవాళ్ల పడగ్గదుల వీడియోలు చూశాడని చెప్పింది. కేసు 58 లక్షల డాలర్ల చెల్లింపుతో ముగిసింది. అంటే కెమెరా మీ అబ్బాయి ఒక్కడికే చూపిస్తోందన్న నమ్మకం ఆ మధ్యలోని కంపెనీ నడవడి మీద ఆధారపడి ఉంది. ఇంకోటి, 2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి తెరుచుకోలేదు. మీ అబ్బాయి అప్పటికే అక్కడుంటే గుర్తుండే ఉంటుంది. వాటిని నడిపే ఇంటర్నెట్ మీద జరిగిన దాడి వల్ల అలా అయింది. ఆ దాడి చేసినవి పెద్ద కంప్యూటర్లేం కావు. ఇళ్లల్లోని కెమెరాలూ, రికార్డర్లూ లాంటివే ఎక్కువ. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినవాటిని మిరాయ్ అనే వైరస్ పట్టుకుని తన సైన్యంగా వాడుకుంది. మీ ఇంట్లో కెమెరాలకీ, రూటర్‌కీ ఆ పాత పాస్‌వర్డ్‌లు మార్చాడో లేదో ఫోన్లో మాట్లాడేటప్పుడు తప్పక అడగండి.

ఇంత చెప్పాక మీ అబ్బాయి వైపు కూడా చెప్పాలి. మీకు తెల్లవారి ఆరు గంటలు అంటే చలికాలంలో అతనికి ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఆఫీసు నుంచి ఇల్లు చేరే వేళ. ఆ వేళకి అతను ఫోన్ తెరిచి వంటింట్లో మీ కోసం వెతుకుతున్నాడంటే, మీరు గంటసేపు తడినేల మీద పడి ఉన్న ఆ తెల్లవారుజాము అతని కళ్ల ముందు నుంచి ఇంకా పోలేదని అర్థం. మీరు పడ్డప్పుడు అతనికి చాలాసేపు తెలియలేదు. అతనికి కావలసింది మిమ్మల్ని రోజంతా చూస్తూ కూర్చోవడం కాదనుకుంటాను. "అమ్మ లేచింది, బాగుంది" అన్న ఒక్క కబురు. ఆ కబురు చేరడానికి కెమెరా అక్కర్లేదు.

1991లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఓ కెమెరా పెట్టారు. వేరే గదుల్లో పనిచేసేవాళ్లు కాఫీ కోసం అంత దూరం నడిచొస్తే కూజా ఖాళీగా ఉండేదట. కెమెరా కూజా వైపు తిప్పి పెట్టి, బొమ్మ అందరి కంప్యూటర్లకీ పంపారు. రెండేళ్ల తర్వాత వెబ్‌లోనూ పెడితే ప్రపంచమంతా చూసింది. 2001లో ఆపేశారు. వాళ్లు చూడాలనుకున్నది కాఫీని, కాఫీ తాగే మనుషుల్ని కాదు. ఐఓటీ అన్న పేరు 1999లో పెట్టిన కెవిన్ ఆష్టన్ బాధ కూడా అలాంటిదే. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో పనిచేసేవాడు. ఓ లిప్‌స్టిక్ రంగు దుకాణం అరలో అయిపోయినా ఎవరికీ తెలియడం లేదని, ఆ సరుకు తనంతట తానే చెప్పగలిగితే బాగుంటుందని ఆలోచించాడు.

మీకు సరిగ్గా సరిపోయే ఉదాహరణ జపాన్‌లో ఉంది. జోజిరుషి అని వేడినీళ్ల కెటిళ్లు, ఫ్లాస్కులు చేసే పాత కంపెనీ. 2001లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కోసం ఓ కెటిల్ తెచ్చింది. అమ్మ టీ కోసం నీళ్లు తీసుకుంటే ఆ సంగతి వేరే ఊళ్లో ఉన్న పిల్లలకి మెయిల్‌లో చేరుతుంది. కెమెరా లేదు, మైకు లేదు. పొద్దున్నే టీ తాగింది కాబట్టి అమ్మ బాగుంది. అంతే.

మీ ఇంట్లో ఆ కెటిల్ ఇప్పటికే ఉంది టీచర్ గారూ. అది మీ గీజరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. అన్నీ పీకించెయ్యొచ్చు, ఇల్లు మీది, ఆ హక్కు మీకుంది. దాని ఫలితం ఏమిటంటే రోజుకి ఐదుసార్లు ఫోన్లు, ఎత్తకపోతే మళ్లీ ఎదురింటాయన పరుగు, చివరికి "డాలస్ వచ్చెయ్యమ్మా" అన్న పోరు. ఇంకోసారి పడితే మళ్లీ పాలబ్బాయే దిక్కు. అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచితే పడినప్పుడు త్వరగా తెలిసే అవకాశం ఉంది. కానీ మీరు జారి పడ్డ బాత్రూంలో ఎలాగూ కెమెరా లేదు, ఉండకూడదు కూడా. ఈలోగా ఇంటికి మనుషులు రావడం తగ్గుతోంది. పెద్ద వయసులో రోజూ వచ్చి పలకరించే మనుషుల కన్నా మంచి సెన్సర్ నాకు తెలిసి లేదు. మీ పనావిడ మానేయడం వల్ల మీ భద్రత తగ్గిందనే నేను అంటాను.

మధ్య దారి ఉంది. గేటు కెమెరా, పెరటి కెమెరా ఉండనివ్వండి. దొంగల సంగతీ, కొరియర్ సంగతీ అవి చూసుకుంటాయి. వంటింటి కెమెరా తీయించండి. హాల్లోది పూర్తిగా తీయడానికి అతను ఒప్పుకోకపోతే, దాని ప్లగ్గు మీ చేతికందే స్విచ్ బోర్డులోకి మార్పించండి. మీరు నాలుగు రోజులు ఊరెళితే వెయ్యండి, ఇంట్లో ఉంటే ఆపండి. మంచి గీజరు ప్లగ్గు, తలుపు సెన్సరు ఉంచుకోండి. పొద్దున ఏడున్నర దాకా గీజరు పడకపోయినా, తలుపు తీయకపోయినా మీ అబ్బాయి ఫోన్లో మోగేలా యాప్‌లో పెట్టుకోగలడేమో చూడమనండి. కొన్నిట్లో అది సులువే, కొన్నిట్లో కాస్త తంటా పడాలి. అతను కంప్యూటర్ మనిషి అయితే ఇష్టంగానే చేస్తాడు.

దీనికీ లోటుపాట్లు లేకపోలేదు. కరెంటు పోతే, ఫైబర్ తెగితే అన్నీ మూగవైపోతాయి. మూగబోవడం వేరు, ప్రమాదం వేరు అని ముందే మాట్లాడుకోవాలి. రూటర్‌కి చిన్న యూపీఎస్ దొరుకుతుంది, కరెంటు పోయినా కొన్ని గంటలు నెట్ నిలుస్తుంది. వేసవిలో మీరు చన్నీళ్లు పోసుకుంటే గీజరు కబురు రాదు, అప్పుడు తలుపు సెన్సరే ఆధారం. మీరు పెళ్లికి వెళ్లి చెప్పడం మరిచిపోతే అక్కడ అతనికి ఊరికే టెన్షన్. అందుకని వరస ఒకటి పెట్టుకోండి: అలారం మోగితే ముందు మీకు ఫోన్, ఎత్తకపోతే పావుగంట ఆగి మళ్లీ ఇంకోసారి, అప్పటికీ ఎత్తకపోతేనే ఎదురింటాయన. అన్నట్టు, మీరు స్నానం చేస్తున్నప్పుడు డాలస్ నుంచి ఎవరూ గీజరు వెయ్యకూడదు, ఆపకూడదు. ప్లగ్గుకి పక్కన బటన్ ఉంటుంది, నెట్ లేకపోయినా అది పనిచేస్తుంది. గీజరు మీ వేలి మీదే నడవాలి, అక్కడికి కబురు మాత్రం వెళ్లాలి.

బాత్రూం గురించి ఒక మాట. ఏ సెన్సరూ మనిషిని జారకుండా ఆపలేదు. ముందు గోడకి పట్టుకునేందుకు స్టీలు కడ్డీ బిగించండి, నేల మీద జారని మ్యాట్ వెయ్యండి. ఆ తర్వాత అత్యవసర బటన్. దాన్ని చాలామంది స్విచ్ బోర్డు ఎత్తున పెడతారు. పడ్డ మనిషి చెయ్యి అంత ఎత్తుకి లేవదు. కింద కూర్చుంటే అందేలా నేలకి అడుగు ఎత్తున పెట్టించండి, లేదా తడిసినా పాడవని బటన్ మెడలో వేసుకోండి.

మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో వ్యవసాయం చేసేవారు. అర్ధరాత్రి త్రీఫేజ్ కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకుని పాముల భయంతో పొలానికి వెళ్లి మోటారు వేసేవారు. తర్వాత సిమ్ కార్డు ఉన్న మొబైల్ స్టార్టర్ పెట్టించాం. మంచం మీద నుంచే ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటారు నడిచేది, రెండు నొక్కితే ఆగేది. కరెంటు పోతే అదే ఫోన్ చేసి చెప్పేది. బతికినన్నాళ్లు ఆయన ఆ పెట్టెని కొడుకులా చూసుకున్నారు. అదీ ఐఓటీయే, మీ ఇంట్లోదీ ఐఓటీయే. అయితే ఆ మోటారు ఆయన మాట వినేది. మీ ఇంట్లో ఒక్క వస్తువు కూడా మీ మాట వినడం లేదు, అన్నీ మీ అబ్బాయి ఈమెయిల్ మీద ఉన్నాయి. అందుకే మీకు పరాయిగా అనిపిస్తోంది. యాప్ మీ ఫోన్లో కూడా వేయించుకోండి. "ఫ్యామిలీ మెంబర్" అని మిమ్మల్ని చేర్చే వీలు చాలా యాప్‌లలో ఉంటుంది. కెమెరా ఎప్పుడు ఎవరు చూడొచ్చో, ఏది ఆపాలో మీ వేలికీ తెలియాలి.

ఆదివారం పొద్దున, అతనికి తీరిక ఉన్నప్పుడు మీరే ఫోన్ చెయ్యండి. తువ్వాలు సంగతితో మొదలుపెట్టొద్దు. పడ్డ రోజు సంగతితో మొదలుపెట్టండి. "నాన్నా, ఆ రోజు నేనూ భయపడ్డాను. నీకు ఎంత భయమేసిందో ఇన్నాళ్లూ అడగలేదు" అనండి. అతను చెప్పింది పూర్తిగా విన్నాక, "నేను లేచానని నీకు రోజూ తెలుస్తుంది, అది నా పూచీ. వంటింట్లో మాత్రం నన్ను చూడకు" అనండి. తర్వాత యాప్ ఎలా వాడాలో అరగంట కూర్చుని నేర్పమనండి. ముప్పై రెండేళ్లు నేర్పిన మనిషి విద్యార్థిగా కూర్చుంటే అతను కాదనలేడు. ఒప్పుకోకపోతే ఒక నెల ప్రయత్నించి చూద్దామనండి. నెల తర్వాత మళ్లీ మాట్లాడుకోవచ్చు.

పనావిడ ఇంటికి ఫోన్ చెయ్యకుండా మీరే వెళ్లండి. ఇంట్లో పనిచేసే మనిషిని అడగకుండా కెమెరా పెట్టడం తప్పని ఒప్పుకోండి. కొడుకు పెట్టాడని నెపం అతని మీదకి తోయకండి. ఆవిడ మళ్లీ వస్తానంటే, వచ్చే రోజుకి ఆ కెమెరా గోడ మీద లేకుండా చూడండి. మేకు కన్నం కూడా సున్నంతో పూడ్పించండి.